పాత ట్రాక్టరు ఇంజను: బాగుచేయింపవలెనా, మార్పవలెనా?

రావిర్యాల చుట్టుప్రక్కల గ్రామములందు పదునైదు, ఇరువది యేండ్ల క్రిందట కొనిన ట్రాక్టర్లు నేటికిని పెక్కు కలవు. యాసంగి కోతలు ముగిసినంతనే వాని యజమానులు సంఘ కార్యాలయమునకు వచ్చి యొకే ప్రశ్న వేయుచుందురు. "ఇంజను పొగ వేయుచున్నది. బోరుకు వచ్చినదని మెకానిక్కు చెప్పుచున్నాడు. దానినే బాగుచేయింపుమందురా, వేఱొక ఇంజను వేయింపుమందురా, లేక అమ్మివైచి క్రొత్త బండి తెచ్చుకొందునా?" ఈ ప్రశ్నకు బండిని చూడకయే యొక్క మాటలో బదులు చెప్పువారిని నమ్మరాదని మా యభిప్రాయము. ఇంజను అరుగుదల కొలిచి తెలిసికొనవలసినది. ఆ బండికి ఇకముందు మిగిలియున్న పని లెక్కించి తెలిసికొనవలసినది. ఈ రెండును లేక చేసిన నిర్ణయము చాలమందిని అప్పులపాలు చేసినది.

మన ప్రాంతపు స్థితి తక్కిన చోట్ల వంటిది కాదు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెఱవబడెను. ఔటర్ రింగు రోడ్డు వచ్చెను. హార్డువేరు పార్కు వచ్చెను. 2016లో వండర్లా, 2023లో విజయ డెయిరీవారి పెద్ద పాల కర్మాగారము రావిర్యాలలోనే ఆరంభమయ్యెను. పాల కర్మాగారము మన పాడిరైతులకు దగ్గఱయైనందుకు సంతోషమే. కాని సాగుభూమి యెంత తగ్గినదో సభ్యులకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇరువది యెకరముల చెల్క దున్నుటకని కొనిన ట్రాక్టరు నేడు నాలుగైదెకరములు దున్ని, తక్కిన దినములందు ట్రాలీ కట్టుకొని ఎరువో మేతయో మోయుచున్నది. లేదా కొట్టముప్రక్క నిలిచియున్నది. నిజామాబాదు జిల్లాలోనో గోదావరి డెల్టాలోనో ఏడాది పొడుగునను దమ్ము చేయు రైతునకు తగిన సలహా మనకు తగకపోవచ్చును.

మొదట బండి వయస్సు సంగతి. కారునకు కిలోమీటర్లెట్లో ట్రాక్టరునకు గంటలట్లు. ఏండ్లను బట్టి ఇంజనును ముసలిదనరాదు. పాత ట్రాక్టర్లలోని తీగతో నడచు గంటల మీటరు, ఇంజను తన నిర్ణీత వేగమున తిరిగినప్పుడే గంటకు గంట చూపును. మెల్లగా తిరిగినప్పుడు తక్కువ చూపును. ఇక ఆ తీగ తెగి మీటరు నిలిచిపోయిన బండ్లే మనయొద్ద ఎక్కువ. అట్టివారు డీసెలు ఖర్చును బట్టి అంచనా వేయవచ్చును. దున్నునప్పుడు గంటకు ఎన్ని లీటర్లు త్రాగునో యజమానికి తెలియును. ఏటికి కొనిన డీసెలును దానిచే భాగించినచో ఏటికి నడచిన గంటలు సుమారుగా తేలును. ఈ లెక్క ఒక పాత నోటుపుస్తకమునందు వ్రాసియుంచుకొనిన రైతు, ఇంజను విషయమున మెకానిక్కుతో సమానముగా మాటలాడగలడు.

ఇంజను ఎందుచేత అరుగునో కొంచెము చూతము. డీసెలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులోనికి వచ్చిన గాలిని పిస్టను సుమారు 16 మొదలు 18 వంతులలో నొకవంతు చోటులోనికి నొక్కును. ఆ నొక్కుడుచే గాలి వేడెక్కి, నాజిలు చిమ్మిన డీసెలును తనంతట తానే మండించును. పిస్టనుకు చుట్టునున్న రింగులును, అవి ఒరయుచుండు లైనరును అరిగిపోయినప్పుడు నొక్కిన గాలి ప్రక్కలనుండి క్రిందికి జాఱును. ఉదయమున బండి త్వరగా అందుకొనదు, బలము తగ్గును, క్రిందినుండి ఇంజను ఆయిలు పైకెక్కి మండి నీలిపొగ వచ్చును. ఇదియే బోరుకు వచ్చుట యనగా.

ఈ యరుగుదలకు మొదటి కారణము దుమ్ము. మన ఎఱ్ఱ చెల్కలలో వేసవి దుక్కి దున్నునప్పుడు, రోటవేటరు తోలునప్పుడు లేచు దుమ్ము మెత్తని యాకురాయి వంటిది. ఎయిర్ క్లీనరునకును ఇంజనునకును నడుమనున్న రబ్బరు గొట్టము పగిలినను, దాని పట్టీ వదులైనను ఆ దుమ్ము తిన్నగా సిలిండరులోనికి పోవును. కావున ఏ సభ్యుడైనను ఇంజను విప్పించుటకు ముందు ఆ గొట్టము నూడదీసి, ఇంజనువైపు లోపలిభాగమున వ్రేలు పెట్టి తుడిచి చూడవలెను. వ్రేలికి ఎఱ్ఱమన్ను అంటెనేని ఇంజనును తినివేసినది అదియే. దానిని సరిచేయక వేయించిన క్రొత్త పిస్టనులు, క్రొత్త ఇంజనులు సైతము అదే గతి పొందును. రెండవ కారణము నీరు. కూలెంటు పోయక, బోరుబావి ఉప్పునీటినే రేడియేటరులో పోయుచు వచ్చినచో లోపల సున్నపుపొర పేరుకొనును. వేడి బయటికి పోదు. నీటిలో మునిగియుండు తడిలైనరు ఇంజనులలో లైనరు వెలుపలి ముఖము సూదితో పొడిచినట్లు గుంటలుపడి కడకు చిల్లియు పడవచ్చును.

ఇక పరీక్షలు. పొగ కనబడినంత మాత్రమున ఇంజను పోయినదని తలపరాదు. నల్లపొగ యనగా డీసెలునకు చాలినంత గాలి లేదనుట; గాలి క్లీనరు మూసికొనిపోయియుండవచ్చును, నాజిళ్లు చినుకులుగా కాక ధారగా చిమ్ముచుండవచ్చును, పంపు ఎక్కువ డీసెలు వదలుచుండవచ్చును. తెల్లపొగ యనగా డీసెలు మండక పోవుటయో, నీరు లోపలికి దిగుటయో. నీలిపొగ మాత్రమే ఆయిలు మండుటకు గుఱుతు. అదియును వాల్వు గైడులు అరిగినప్పుడు కూడ వచ్చును. మేము కన్నులార చూచినదొకటి చెప్పుదుము. ఒక సభ్యుని బండికి బలము చాలక నల్లపొగ వచ్చుచుండగా, ఇంజను పూర్తిగా విప్పవలెనని చెప్పిరి. అతడు సొమ్ముకై బంగారము తాకట్టు పెట్టుటకు సిద్ధపడెను. విప్పుటకు ముందురోజు ఎయిర్ క్లీనరు తెఱచి చూడగా, అడుగున ఆయిలుండవలసిన చోట గట్టిపడిన బురద యుండెను. దానిని కడిగి, గుఱుతువఱకు క్రొత్త ఆయిలు పోసి, నాజిళ్లను పంపుల దుకాణమున సరిచేయించినంతనే బండి మునుపటివలె నడచెను. ఆ ట్రాక్టరు తరువాత మూడు వానాకాలములు దున్నెను.

నిజముగా అరిగినదో లేదో తేల్చునది కంప్రెషను గేజి. ఇంజను వెచ్చగా నుండగా, డీసెలు రాకుండ నాపి, బాగుగా ఛార్జియైన బ్యాటరీతో త్రిప్పుచు, నాజిలు స్థానమున గేజి బిగించి ఒక్కొక్క సిలిండరును కొలువవలెను. ఆ ఇంజను తయారుచేసినవారు చెప్పిన కనీసపు అంకెతోను, ఒక సిలిండరును మఱియొకదానితోను పోల్చవలెను. అన్నియు సమానముగ పడిపోయినచో అది సాధారణముగా అరుగుదల. ఒక్కటి మాత్రమే పడిపోయినచో వాల్వు కూర్చుండకపోవుటయో, రింగు విఱుగుటయో యుండును. ప్రక్కప్రక్కనున్న రెండు పడిపోయినచో వాని నడుమ హెడ్ గ్యాస్కెట్టు పోయియుండవచ్చును. గ్యాస్కెట్టు మార్చుటకును ఇంజను బాగుచేయుటకును ఖర్చున భూమ్యాకాశముల భేదము కలదు. దీనితోపాటు, బండి వేడెక్కి మెల్లగా తిరుగుచుండగా ఆయిలు ఒత్తిడి ఎంత చూపునో చూడవలెను. మిక్కిలి తగ్గినచో క్రింది బేరింగులు అరిగెనని యనుమానింపవలెను. బ్రీదరు గొట్టమునుండి పొగ గుప్పుగుప్పున వచ్చుచున్నదా, ఆయిలు పాలవలె తెల్లబడినదా, వంద గంటలకు ఎన్ని లీటర్లు పైపోతగా పోయవలసివచ్చుచున్నది, ఇవి యజమాని తానే కనిపెట్టదగినవి. కంప్రెషను గేజి ఒక్కొక్క రైతు కొనవలసిన వస్తువు కాదు. సంఘము ఒకటి కొని సభ్యులకు వంతులవారీగా ఇచ్చినచో దాని వెల ఒక్క వేసవిలోనే తిరిగి వచ్చునని మేము తలంచుచున్నాము.

ఇంజను నిజముగనే అరిగెనని తేలినదనుకొందము. అప్పుడు ఎక్కువమంది ఎన్నుకొను మార్గము సగము పని. హెడ్డు దించి, వాల్వులు ఒఱసి, పాత లైనరులోనే క్రొత్త రింగులు వేయుట. ఖర్చు తక్కువ, రెండు మూడు దినములలో బండి చేతికి వచ్చును. దీనిని మేము గట్టిగా వ్యతిరేకించుచున్నాము. అరిగిన లైనరు గుండ్రముగా నుండదు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అరిగి కోడిగ్రుడ్డువలె నగును, పైభాగమున నొక గట్టు మిగులును. గుండ్రని క్రొత్త రింగు ఆ సిలిండరులో అన్నివైపుల అంటుకొనదు. పై రింగు ఆ గట్టుకు కొట్టుకొని విఱుగుటయు కలదు. మఱొక చిక్కు ఏమనగా, పైన వాల్వులు బిగువై బలము పెరిగినప్పుడు, అరిగియున్న క్రింది బేరింగులపై భారము పెరుగును. రైతు సొమ్ము ఆదా చేసితిననుకొనును. నాలుగు నెలలలో క్రాంకు కొట్టుకొనుట ఆరంభమగును. లైనర్లను కొలిచి, అవి హద్దులోనే యున్నవని తేలిననాడు మాత్రమే రింగుల పని సరిపోవును.

పూర్తిపని యనగా లైనర్లు, పిస్టనులు, రింగులు, పిన్నులు, బేరింగులు, వాల్వు గైడులు, సీళ్లు అన్నియు చూచుట. ఇందు క్రాంకు మొదటిది. దానిని మైక్రోమీటరుతో కొలిచి, అరిగియున్నచో గ్రైండింగు చేయించి, ఎంత తగ్గించిరో దానికి సరిపోవు బేరింగులే వేయవలెను. సామాన్యముగా 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్ల మెట్లుగా ఈ బేరింగులు దొరకును. కడపటి మెట్టు కూడ ఐపోయిన క్రాంకును మఱల అరగదీయుటకు వీలులేదు. హెడ్డు సమతలముగా నున్నదో, పగుళ్లున్నవో చూపించవలెను. నాజిళ్లను, డీసెలు పంపును పరీక్షాబల్లపై సరిచేయింపక పూర్తిపని చేయించుట, ఇల్లు కట్టి కప్పు వేయకుండుట వంటిది. ఎక్కువ చిమ్మిన డీసెలు క్రొత్త లైనరుపైనున్న ఆయిలును కడిగివేయును. హెడ్ బోల్టులను టార్కు రెంచితో, చెప్పిన వరుసలో, చెప్పిన బిగువున బిగింపవలెను. చేతి అంచనా ఎంత అనుభవజ్ఞునిదైనను చాలదు. పాత భాగములన్నియు ఒక గోనెసంచిలో వేసి యజమానికి తిరిగి ఇచ్చునట్లు ముందే ఒప్పందము చేసికొనుడు. లేతు దుకాణమువారు వ్రాసియిచ్చిన కొలతల చీటీని బిల్లుతోపాటు దాచుడు. బండి అమ్మునాడు దానికి విలువ కలదు.

ఇంజను మార్చుట యెప్పుడు? క్రాంకు అరగదీయుటకు పనికిరానప్పుడు, కనెక్టింగు రాడ్డు తెగి బ్లాకును పగులగొట్టినప్పుడు, బ్లాకు పగిలి నీరు ఆయిలులో కలియుచున్నప్పుడు. ఇంతకుమించి కారణము మాకు తోచదు. నగరమున పాత బండ్లను విప్పి అమ్ము వీధులలో రంగువేసిన ఇంజను ఒకటి చవుకగా దొరకును. వినిపించుట మృదువుగనే వినిపించును. కాని దాని గంటలెన్ని? ఎవరి చేతిలో నడచినది? ఎందుచేత ఆ బండిని విప్పిరి? మీ యింటి ఇంజను అరిగినదైనను దాని పుట్టుపూర్వోత్తరములు మీకు తెలియును. తెలియని బ్లాకునకు ఇచ్చు సొమ్ముతో తెలిసిన బ్లాకును బాగుచేయించుట మేలు. తప్పనిసరియై కొనవలసివచ్చినచో, బిగింపకముందే కంప్రెషను కొలిపించి, అడుగుపళ్లెము విప్పించి క్రాంకును చూచి, బిల్లుమీద ఇంజను సంఖ్య వ్రాయించుకొనవలెను.

పెద్ద రవాణా సంస్థలు ఇంజను పాడైనంతనే మార్చివేయును గదా యని కొందఱు వాదింతురు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో ఆరంభించిన రోడ్డు రవాణాకు వారసురాలైన నేటి ఆర్టీసీ వంటి సంస్థలకు తమ కర్మశాలలు కలవు. తామే బాగుచేసిన ఇంజనును తామే వేఱొక బస్సునకు బిగింతురు. దాని చరిత్ర వారి పుస్తకములలోనే యుండును. వారిది మార్పుగా కనబడుచున్నను నిజమునకు మరమ్మతే. మనకట్టి వసతి లేదు.

ఇందు చట్టముయొక్క సంగతియు నొకటి కలదు. ఇంజను సంఖ్య బ్లాకుమీద చెక్కబడి, రిజిస్ట్రేషను పత్రములో వ్రాయబడియుండును. పాత బ్లాకులోనే పూర్తిపని చేయించినచో ఆ సంఖ్య మారదు. బ్లాకు మారినచో మారును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి వాహనమునందలి మార్పులకు రిజిస్టరింగు అధికారి యనుమతి అవసరము. మార్పును 14 దినములలోగా తెలుపవలెనను నిబంధనయు అందే కలదు. ముందుగనే అనుమతి పొంది, భీమా కంపెనీకిని వ్రాతమూలముగా తెలుపుట క్షేమము. సొంత వాహనము రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. తరువాత ఐదేండ్లకొకమారు పొడిగింపుకై బండిని చూపవలెను. సంఖ్య కలియని బండి అక్కడనే నిలిచిపోవును.

ఇంజను ఒక్కటియే బండి కాదు. పూర్తిపనికి సొమ్ము కట్టకముందు గేరుబాక్సు, క్లచ్చి, హైడ్రాలికు లిఫ్టు, ముందు ఇరుసు, టైర్లు చూచుకొనుడు. ఇవియన్నియు పోయియున్న బండికి క్రొత్త ఇంజను పెట్టుట దండుగ. విడిభాగములు దొరకునా యనునది మఱొకటి. పింజోరులోని హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించెను. అట్టి బండ్లున్నవారు ఇంజను విప్పుటకు ముందే పిస్టనుల సెట్టు, గ్యాస్కెట్టు సెట్టు చేతికి వచ్చినవని చూచుకొనవలెను. సింప్సను ఇంజనుగల పాత మాస్సీ ఫెర్గూసను, మహీంద్రా బండ్లకు భాగములు దొరకుట సులభము. వాని పని తెలిసిన చేతులును మన ప్రాంతమున ఎక్కువ.

ఇక లెక్క. ఈ క్రింది అంకెలు లెక్కించు తీరు చూపుటకై మేము ఊహించినవి; ధరలు ఎవరివి వారు విచారించుకొనవలెను. పూర్తిపనికి 90,000 రూపాయలు, అది 3,000 గంటలు నిలుచుననుకొందము: గంటకు 30 రూపాయలు. సగము పనికి 40,000, అది 400 గంటలు నిలుచుననుకొందము: గంటకు 100. క్రొత్త బండికై, పాతది అమ్మగా వచ్చినది పోను, 5,50,000 రూపాయలు నూటికి 10 వడ్డీకి తెచ్చినచో మొదటి యేటి వడ్డీయే 55,000. ఏటికి 250 గంటలు మాత్రమే నడుపు మన రైతునకు గంటకు 220 రూపాయలు ఒక్క వడ్డీక్రిందనే పోవును. అసలు సంగతి వేఱు. పాత బండి తక్కిన భాగములు ఇంకను ఐదేండ్లే నిలుచుననుకొని, పూర్తిపని ఖర్చును 1,250 గంటలకే పంచినను గంటకు 72 రూపాయలు. అదే ఏటికి 1,000 గంటలు కిరాయికి తోలువానికి వడ్డీ గంటకు 55 రూపాయలకు దిగును. అతని పాత బండి మూడేండ్లలో ఆ 3,000 గంటలను ముగించును, నడుమ ఆగిన ప్రతిదినమును కిరాయి పోవును. అతనికి క్రొత్తది సమంజసము కావచ్చును. ఏటికి నూఱు గంటలు కూడ నడపని సభ్యుడు మూడవ మార్గము నాలోచింపవలెను: పాతదానిని ఉన్నదున్నట్లు అమ్మి, పని దినములలో కిరాయికి పిలుచుకొనుట. ఈ మాట కొందఱికి రుచింపదు. ఇంటిముందు ట్రాక్టరుండుట గౌరవమని మేమును ఎఱుగుదుము. కాని ఆ గౌరవమునకు ఏటికెంత ఖర్చగుచున్నదో ఒక్కమారు కాగితము మీద వేసి చూడుడు.

2025 సెప్టెంబరు 22 మొదలు ట్రాక్టర్లపై వస్తుసేవల పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది. ట్రాక్టరు టైర్లపైని పన్నును 18 నుండి 5కు తగ్గించిరి. కావున పాత ధరలతో వేసిన లెక్క మఱల వేసికొనవలెను. విడిభాగముల బిల్లులో ఏ వస్తువునకెంత పన్ను వేసిరో చదువుకొనవలెను. 2023 జనవరి 1 తరువాత తయారైన 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు కఠినమైన పొగ నిబంధనలు వర్తించుచున్నవి. వానిలో డీసెలును కంప్యూటరు కొలిచి పంపు ఏర్పాటు సాధారణమైనది; అది పాడైనచో ఊరి మెకానిక్కు స్పానరుతో సరిచేయలేడు. ఐదెకరములకు అంత బండి మనకెందుకో కొనువారే చెప్పవలెను.

పని చేయించుటకు తగిన కాలము యాసంగి ధాన్యము అమ్మిన పిమ్మట, మృగశిర కార్తెకు ముందు. తొలకరి పడినవెనుక విప్పిన ఇంజనుకు మెకానిక్కు తొందరపడును, రైతు అంతకంటె తొందరపడును. కొలవవలసినవి కొలవక బిగింతురు. పూర్తియైన ఇంజనును తొలి 50 గంటలు బరువైన రోటవేటరుకు కట్టరాదు. అట్లని ఊరక నిలిపి గంటలకొలది మెల్లగా త్రిప్పరాదు. రింగులు లైనరులో కుదురుకొనుటకు కొంత భారము అవసరము. తేలిక దుక్కి, సగము ట్రాలీ చాలును. వేగమును మార్చుచు నడుపవలెను. 50 గంటలు కాగానే ఆయిలు, ఆయిలు ఫిల్టరు మార్చి, మెకానిక్కు చెప్పినచో హెడ్ బోల్టులను మఱల బిగింపించి, వాల్వు సందులు సరిచూపించవలెను. ఆ దినము తేదీ, గంటలు నోటుపుస్తకములో మొదటి పంక్తిగా వ్రాసికొనుడు.